పొంగని చుక్క

ఆ చుక్క అందరికీ పొంగాలి. పిల్లలకీ, ముసలివాళ్ళకీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకీ, ఏ జబ్బూ లేకుండా తోడు వచ్చి సరదాకి చెయ్యి చాపినవాళ్ళకీ పొంగాలి. పొంగలేదంటే ఆ రోజు పరీక్షకి విలువ లేనట్టే. ఈ మాట సువార్త కొత్త నర్సులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! అలాంటిది ఆ గురువారం పొద్దున అరుంధతి ఎడమచేతి మీద చుక్క పెట్టి, సూదిమొనతో చర్మాన్ని గీటి, పావుగంట ఆగి చూస్తే అక్కడ ఏమీ లేదు. పెట్టిన చోటు ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది.

సువార్తది చీరాల దగ్గర పల్లె. గుంటూరులో నర్సింగ్ చదివి, చర్చివాళ్ళు చెప్పిన ఉద్యోగం పట్టుకుని ఢిల్లీ వచ్చి ఎనిమిదేళ్ళయింది. రెండేళ్ళుగా ఉత్తర ఢిల్లీలో ఒక ఛాతీ ఆసుపత్రిలో చర్మపరీక్షల గది చూస్తోంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. అబద్ధం చెప్పే రోగి మీద, తొందరపెట్టే డాక్టరు మీద, సరిగ్గా మూతపడని ఫ్రిజ్ మీద, అందరి మీదా సమానంగా పడుతుంది. చేయి మాత్రం మహా తేలిక. సూది గుచ్చిందని చూస్తే గానీ తెలియదు.

ఆ గదిలో చేసే పని చూడ్డానికి సులువే. ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి గీటుతారు. ఒక చుక్కలో దుమ్ము సారం, ఒక దాంట్లో పుప్పొడి, ఒక దాంట్లో బూజు సారం. ఒంటికి పడని చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. చివర పెట్టేది హిస్టమిన్ చుక్క. అది ఎవరి ఒంటి మీదైనా దద్దురు లేపుతుంది. అది లేస్తేనే చర్మం మాట వింటోందని, మిగతా చుక్కల సాక్ష్యం నమ్మొచ్చని అర్థం.

అరుంధతికి బూజు చుక్క కోసమే పరీక్ష. ఊపిరితిత్తుల్లో చేరే ఒక రకం బూజు, దాని మీద ఒళ్ళు చేసే రభసా కలిసి అచ్చం క్షయలాగే కనిపిస్తాయి. అదే దగ్గు, అదే జ్వరం, ఎక్స్‌రేలో అదే మచ్చ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నోయిడాలో బడిపంతులమ్మగా చేరిన ఏడాదికే టీబీ అన్నారు, తొమ్మిది నెలలు మందులు మింగించారు. కళ్ళెలో టీబీ క్రిమి ఒక్కసారీ కనబడలేదు. అయినా మచ్చ ఉందిగా అన్నారు. బడివాళ్ళు పిల్లలకు అంటుతుందని మానిపించేశారు. ఇప్పుడు మళ్ళీ దగ్గు, మళ్ళీ మచ్చ. సోమవారం నుంచి రెండో విడత, ఈసారి రెండు నెలలు రోజూ ఇంజెక్షను. ఆ ఇంజెక్షనుతో కొందరికి చెవులు పోతాయి. జబ్బు నిజంగా బూజుదే అయితే ఆ చెవులు ఉత్తపుణ్యానికి పోయినట్టు. పోనీ బూజు మందిద్దామంటే అది స్టెరాయిడ్, క్షయ ఉన్న మనిషికిస్తే నిప్పుకి పెట్రోలు. ఎటూ తెలియకుండా ఏ డాక్టరూ దాని మీద చెయ్యి వెయ్యడు.

"నెగెటివే గద సిస్టర్, రాసేయుండ్రి" అన్నాడు డాక్టర్ పృథ్వీరాజ్. హైదరాబాద్ పిల్లవాడు, మంచివాడే. బయట వరండాలో నలభై మంది కూర్చున్నారు.

"హిస్టమిన్ కూడా లేవలేదు సార్."

"కొందరికి తక్కువ లేస్తది."

"తక్కువ కాదు సార్, అసలు లేవలా. ఇది నెగెటివ్ కాదు, పరీక్షే జరగనట్టు."

"అయితే బాటిల్ పాడైందేమో. సోమవారం ఇంజెక్షన్ స్టార్ట్ జెయ్యాలె. టీబీ అయితే ఎన్ని దినాలు ఆపుతం చెప్పుండ్రి?" అంటూ అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు.

సువార్త అరుంధతి తల్లి వైపు తిరిగింది. అన్నపూర్ణేశ్వరిగారిది కాకినాడ. భర్త కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, మయూర్ విహార్‌లో సొసైటీ ఫ్లాటు. ఇస్త్రీ నలగని నూలుచీర, ఒళ్ళో లావుపాటి ఫైలు.

"ఆంటీ, జలుబు మాత్ర, దురద మాత్ర, దగ్గు మందు ఏమన్నా వాడారా ఈ వారంలో?"

"అయ్యో, లేదండీ. వారం ముందు ఆపమని చీటీలో రాశారుగా, అన్నీ ఆపేశాం. ఒక్క మాత్ర ముట్టుకుంటే ఒట్టు. నేను బీయే చదివానండీ, చీటీ చదవడం రాకపోవడమేంటి?"

"దీదీ, సచ్చీ, కుఛ్ నహీ లియా" అని, నిజంగా ఏమీ వేసుకోలేదని అరుంధతీ చెప్పింది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీయే వస్తుంది.

పాత కాగితాలేమన్నా దారి చూపుతాయేమోనని సువార్త ఆ ఫైలు తీసుకుంది. తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగింది. 2004 జూన్. ఇదే ఆసుపత్రి, ఇదే పరీక్ష, బూజు చుక్క నెగెటివ్. హిస్టమిన్ అని ఉన్న చోట అంకె లేదు, చిన్న అడ్డగీత. కింద సంతకం తనదే.

అప్పుడు తను ఈ గదికి వచ్చి నెల కూడా కాలేదు. చుక్క పొంగలేదని అప్పటి పెద్ద సిస్టర్‌కి చెబితే "గీత పెట్టి పంపు, లైను చూడు ఎంతుందో" అంది. గీత పెట్టింది, పంపింది. ఆ పిల్ల మొహం కూడా గుర్తులేదు. ఆ కాగితం చూపించే కదా ఈ పిల్లకి బూజు కాదని తేల్చి, క్షయ మందులు మొదలుపెట్టారు! తొమ్మిది నెలలు. సిగ్గుతో సువార్తకు తల కొట్టేసినట్టయింది.

"రిపోర్టు మధ్యాహ్నం ఇస్తారాండీ?" అని అడుగుతోంది అన్నపూర్ణేశ్వరిగారు.

"రే... రేపు ఫోన్ చేసి కనుక్కోండి ఆంటీ" అంది సువార్త.

వాళ్ళు అటు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, అదే సీసాలోంచి ఒక చుక్క తీసి తన చేతి మీదే పెట్టుకుని గీటుకుంది. బయటివాళ్ళు తలుపు బాదుతున్నారు. "దస్ మినట్!" అని అరిచింది. పది నిమిషాలు కూడా పట్టలేదు, కందిగింజంత దద్దురు, చుట్టూ ఎర్రగా, ఒకటే దురద. సీసా భేషుగ్గా ఉంది! అయితే ఆ పిల్ల ఒంట్లోనే ఏదో ఉంది. రెండేళ్ళ కిందటా ఉంది, ఇవాళా ఉంది. ఏమిటది?

చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగింది. గేటు బయట బస్టాపులో తల్లీకూతుళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు. మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తోంది. బ్లూలైన్ బస్సు మూల తిరుగుతోంది. అన్నపూర్ణేశ్వరిగారు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక అట్ట తీసి, అందులోంచి అరముక్క విరిచి కూతురి చేతిలో పెట్టింది. కూతురు నీళ్ళసీసా ఎత్తింది.

"ఆగు!" అని సువార్త వేసిన కేకకు స్టాపులో ఉన్న జనమంతా తిరిగి చూశారు. "ఏంటది ఆంటీ?"

"ఇదా? బస్సు మాత్రండీ."

"మాత్ర ముట్టుకుంటే ఒట్టన్నారుగా!"

"ఇది మాత్రేంటండీ!" అన్నపూర్ణేశ్వరిగారు నిజంగానే తెల్లబోయింది. "ఇది మందు కాదు కదా, వాంతులవకుండా వేసుకునేది. దీనికి చిన్నప్పట్నించీ బస్సు పడదు. బస్సెక్కే ముందు అరముక్క వేసేస్తాను. పుల్లట్లో పచ్చిమిరపకాయ వేసినట్టు అలవాటైపోయిందండీ."

"పొద్దున కూడా వేశారా?"

"వెయ్యకపోతే ఇక్కడిదాకా ఎలా వస్తుంది?"

"రెండేళ్ళ కిందట పరీక్షకొచ్చినప్పుడు?"

"ఎప్పుడొచ్చినా అంతేనండీ. యమునకి అవతలనుంచి రావాలిగా."

సువార్త అట్ట లాక్కుని చిన్నక్షరాలు చదివింది. తను అనుమానించినట్టే ఉంది. వాంతుల్ని ఆపే ఆ మందే దద్దుర్లనీ అణిచిపెడుతుంది, జలుబు మాత్రల జాతిదే. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ముగ్గురిలో ఎవరూ ఎక్కలేదు.

ఆ అట్ట పట్టుకుని నేరుగా పృథ్వీరాజ్ బల్ల మీద పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. "బస్సు గోలీ! ఈ ముచ్చట మనం అడగనే అడగలే సిస్టర్. జలుబు అడిగినం, దురద అడిగినం." కాసేపు ఎక్స్‌రే వైపు చూశాడు. "సరే. ఒక్క వారం ఆపుత. వచ్చే శుక్రవారం మళ్ళ జేద్దాం. అప్పుడు గూడ లేవకుంటే శనివారం ఇంజెక్షన్. టీబీ అయితే ఈ వారం గూడ ఎక్కువే, యాది పెట్టుకోండ్రి."

పాత కాగితం మీది సంతకం సంగతి సువార్త ఆ రోజు చెప్పలేదు. చెబుదామనే అనుకుంది. ముందు ఆ చుక్క పొంగనీ, తరవాత చెబుతాను అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

వారమంతా రోజూ సాయంత్రం ఫోన్ చేసింది. "ఏం వెయ్యలేదుగా ఆంటీ?" అవతలనుంచి, "లేదమ్మా, లేదు" అని విసుగు. గురువారం మాత్రం అన్నపూర్ణేశ్వరిగారి గొంతు మెత్తబడింది.

"రేపు ఆ ఎండలో, ఆ డీజిల్ కంపులో అంత దూరం... ఆటో అయినా, కారయినా దీనికి ఒకటేనమ్మా. చక్రాలుంటే చాలు, కడుపులో తిప్పేస్తుంది. అసలే దగ్గి దగ్గి నీరసంగా ఉంది. పావుముక్క వేస్తే ఏమన్నా అవుతుందా?"

"చిటికెడు కూడా వద్దు ఆంటీ."

"కన్నతల్లిని, ఎలా చూస్తాను చెప్పు?"

"చూడకండి. కళ్ళు మూసుకోండి. నేనే వస్తున్నా."

అన్నంత పనీ చేసింది. శుక్రవారం తెల్లారీ తెల్లారకముందే క్వార్టర్స్‌లో బయల్దేరి, రెండు బస్సులు మారి ఏడింటికల్లా మయూర్ విహార్‌లో వాళ్ళ గుమ్మం ముందు నిలబడింది. నమ్మకం లేక వచ్చానని మొహం మీదే చెప్పింది. అన్నపూర్ణేశ్వరిగారికి చుర్రుమంది గానీ కాఫీ ఇచ్చింది. అరుంధతి నవ్వింది. దగ్గు తెర రావడంతో ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్క సీటు కోసం సువార్త ఒక మీసాలాయనతో పోట్లాడి మరీ సాధించింది. అరుంధతి చేతిలో పాలిథీన్ కవర్లు. వంతెన దాకా పళ్ళు బిగపట్టుకుంది. వంతెన మీద ట్రాఫిక్ ఆగింది, ఇంజను గుడగుడ, ముందు లారీ పొగ. ఇక ఆగలేదు. మొదటి కవరు, రెండో కవరు. వాంతి, దగ్గు ఒకేసారి వచ్చి పిల్ల మెలికలు తిరిగిపోయింది.

"అరే మేడమ్, ఉతారో ఇసే! బస్ గందీ హో రహీ హై!" పిల్లని దింపెయ్యమని, బస్సు పాడవుతోందని కండక్టరు తలుపు దగ్గరనుంచే అరిచాడు.

"తేరీ బస్ పహలే సే గందీ హై! బీమార్ హై లడ్కీ, దిఖ్తా నహీ?" నీ బస్సు ముందే కంపు, పిల్లకి జబ్బని కనబడదా అంటూ సువార్త లేచి నిలబడింది. చీరాల యాస హిందీలో తిట్టిన తిట్లకి కండక్టరు టిక్కెట్ల కట్ట లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు.

అన్నపూర్ణేశ్వరిగారు ఏడుస్తోంది. హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచింది. కొత్త అట్ట ఒకటి బయటికి వచ్చింది. "చాలు తల్లీ, చాలు. పరీక్ష ఇంకోరోజు చేయించుకుందాం. ఇది వేసుకో." సువార్త అందుకోబోయేలోపే అరుంధతి తల్లి గుప్పిట మీద తన చెయ్యి వేసి మూసేసింది. పట్టు వదల్లేదు.

"నహీ మమ్మీ." ఊపిరి తీసుకుని, ఎప్పుడూ లేనిది, తెలుగులో అంది: "వాంతి అయితే కడుక్కుంటాను. చెవులు పోతే ఏం చెయ్యను?"

అన్నపూర్ణేశ్వరిగారు అట్టని కిటికీలోంచి విసిరేసింది.

పది కావస్తుండగా చర్మపరీక్షల గదికి చేరారు. మొహం కడిగించి, నిమ్మరసం తాగించి, అరగంట పడుకోబెట్టి, అప్పుడు సువార్త ఎడమచెయ్యి తీసుకుంది. చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్కకీ ఒక కొత్త సూది, ఒక్క గీటు. గడియారం చూసింది.

ఐదు నిమిషాలకి హిస్టమిన్ చుక్క దగ్గర ఎర్రబడింది. ఏడో నిమిషానికి లేచింది. తెల్లగా, గుండ్రంగా, ఎంత ముద్దుగా ఉందో! "దేవా, స్తోత్రం" అని సువార్త పైకే అనేసింది. అంతలో అరుంధతి, "దీదీ, యహాఁ బహుత్ ఖుజ్లీ" అంటూ రెండో చేత్తో గోకబోయింది. బూజు చుక్క. చూస్తుండగానే ఉబ్బి, హిస్టమిన్ దద్దుర్నీ దాటి, అంచులు వంకరగా పాకి నిలబడింది.

పృథ్వీరాజ్ వచ్చి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "ఎనిమిది మిల్లీమీటర్లు! ఆంటీ, రేపటి ఇంజెక్షన్ క్యాన్సిల్. ఇంక రక్తం టెస్టుకు పంపి ఖాయం జేసుకుందాం. నాకైతే ఇది టీబీ అనిపిస్తలేదు. రెండేండ్ల కిందగూడ ఇదే అయ్యుంటది."

ఆ చివరి మాట అన్నపూర్ణేశ్వరిగారిని కుర్చీలో కూలేసింది. "అయితే ఆ తొమ్మిది నెలల మందులు... నా చేత్తో నేనే... నేను వేసిన అరముక్క వల్లే కదా! నా పిల్ల ఉద్యోగం పోగొట్టింది నేనే కదా!" అని నెత్తి కొట్టుకుంది.

ఆ క్షణంలో సువార్త నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అడిగేవాళ్ళు లేరు. తల్లి తప్పు తల్లే ఒప్పుకుంది, డాక్టరు తల ఊపాడు, గీత సంగతి ఎవరికీ పట్టలేదు. అయినా ఫైలు తెరిచి ఆ కాగితం బల్ల మీద పెట్టింది.

"మీరు కాదు ఆంటీ. మాత్ర వేసింది మీరే గానీ, ఈ చుక్క పొంగలేదని ఆ రోజు కళ్ళారా చూసింది నేను. పరీక్ష చెల్లదని రాయాల్సింది. గీత పెట్టి పంపేశా. ఈ సంతకం నాది."

పృథ్వీరాజ్ "సిస్టర్, ఇప్పుడెందుకు అదంత" అని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. కొత్త రిపోర్టు అడుగున, 2004 నాటి పరీక్ష చెల్లదు, హిస్టమిన్ పొంగలేదు, చేసినది నేనే అని రాసి సంతకం పెట్టింది. అన్నపూర్ణేశ్వరిగారు ఆ కాగితాన్నీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"రెండేళ్ళమ్మా" అంది. "బిడ్డని చుట్టాలు గడప తొక్కనివ్వలేదు. గ్లాసు వేరే, కంచం వేరే. నువ్వు ఒక్క మాట రాసుంటే..." కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. సువార్త తల వంచుకుని నిలబడింది. తగిన మాటే పడింది.

తరవాతి రోగి సోనీపత్ నుంచి వచ్చిన నడివయసు ఆవిడ. జలుబు మాత్ర లేదు, దురద మాత్ర లేదు. సువార్త బస్సు మాత్ర గురించి ఇంకో ప్రశ్న అడిగింది: "బస్ మే ఉల్టీ వాలీ గోలీ?" ఆవిడ, "హాఁ, వో తో లీ హై!" అని నవ్వుతూ కొంగుముడి విప్పి అట్ట చూపించింది. ఆ మధ్యాహ్నం సువార్త భోజనం మానేసి బీరువాలోంచి పాత రిజిస్టర్లన్నీ దించింది. హిస్టమిన్ గడిలో అడ్డగీతలు, తనవీ పెద్ద సిస్టర్‌వీ కలిపి, ముప్ఫై ఒకటి. పేరూ ఊరూ ఉన్నాయి. రోహ్‌తక్, మీరట్, పానీపత్, అలీగఢ్. అందరూ బస్సెక్కి వచ్చినవాళ్ళే.

అవి చూపిస్తే ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ మందలించింది. మెమో ఇచ్చింది. వాళ్ళందరికీ మళ్ళీ రమ్మని ఉత్తరాలు రాయడానికి మాత్రం సరేనంది.

రెండు వారాలకు రక్తం రిపోర్టు వచ్చింది. బూజే. మందు మొదలైన పదో రోజున అరుంధతి చూపించుకోవడానికి వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చినా దగ్గు లేదు. చర్మపరీక్షల గదిలోకి తొంగిచూస్తే సువార్త పోస్టుకార్డుల కట్ట ముందేసుకుని హిందీ అక్షరాలతో కుస్తీ పడుతోంది.

"దీదీ, యే క్యా లిఖా హై? కోయీ నహీ పఢ్ పాయేగా" అని, ఈ రాత ఎవరూ చదవలేరంటూ అరుంధతి పెన్ను లాక్కుని ఎదురుగా కూర్చుంది. సువార్త చెబుతోంది, ఆమె రాస్తోంది. మీ పరీక్ష మళ్ళీ చెయ్యాలి. తప్పక రండి. వచ్చే ముందు వారం రోజులు ఏ మాత్రా వేసుకోవద్దు.

అన్నపూర్ణేశ్వరిగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. సువార్త వైపు చూడలేదు. కాసేపటికి లోపలికి వచ్చి, కూతురి భుజం మీదుగా ఆ కార్డు మొత్తం చదివింది.

"ఇలా రాస్తే లాభం లేదు" అంది. "మాత్ర వద్దంటే ఇదీ మాత్రేనని నాకు తెలియలేదు, వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది? బస్సు మాత్ర కూడా వద్దని రాయి. పెద్దక్షరాలతో రాయి."

అరుంధతి అప్పటిదాకా రాసిన కార్డులన్నీ పక్కకు తోసి, కొత్త కార్డు తీసుకుంది.